తొమ్మిదో పూత

మా గోడకి పుట్టినరోజులు ఎక్కువ.
ఏడాదికోసారి ఎవరో ఒకరు వచ్చి
కొత్తబట్టలు తొడిగి పోతారు.

కిసుము ఊరి చివర, సరస్సుకి కూతవేటు దూరంలో
ఈ బడికి నేను కాపలావాణ్ణి. పేరు ఒయుగి.
గంట కొడతాను, గేటు మూస్తాను,
గోడ మీద రంగులు లెక్కపెడతాను.

అడుగున సున్నం. అది సర్కారుది.
దానిమీద బ్యాంకు వాళ్ళ ఆకుపచ్చ,
ఫోన్ కంపెనీ నారింజ,
సిమెంటు వాళ్ళ బూడిద రంగు,
వాళ్ళకి ఇంకోటి తోచలేదు పాపం.
మధ్యలోవి కొన్ని నేనే మర్చిపోయాను.
పైన మళ్ళీ బ్యాంకే,
పేరు మారింది కాబట్టి ఈసారి నీలం.
పెచ్చు ఊడినచోట పిల్లలు గోటితో గీకి
ఏ ఏడు ఎవరొచ్చారో చెప్పేస్తారు.
చరిత్ర పాఠం కంటే అదే బాగా వస్తుంది వాళ్ళకి.

ఈసారి బీమా కంపెనీ.
శుక్రవారం పొద్దున్నే రెండు బస్సులు.
నలభైమంది, ఒకటే పసుపు,
మడతలైనా పోని చొక్కాలు.
వైరిము అనే ఆవిడ మెడలో ఈల వేసుకుని
బ్రష్షులు పంచింది, నీళ్ళసీసాలు పంచింది,
ఫోటో వేళకి పెట్టుకోవలసిన నవ్వు కూడా పంచింది.

చెడ్డవాళ్ళు కారు. అది ముందే చెప్పాల్సింది.
ఒకమ్మాయి ఆడుతూ పాడుతూ ఒక గోడంతా లాగేసింది.
ఒక పెద్దాయన నిచ్చెనెక్కి, దిగలేక,
పిల్లల చేత "ఒక కాలు, ఇంకో కాలు" అనిపించుకున్నాడు.
నేను నవ్వాను. ఆయనా నవ్వాడు.

ఒక్కడు మాత్రం బ్రష్ పట్టుకుని ఊరికే నిలబడ్డాడు.
బరాసా అట. వాళ్ళ గోదాములో ఫైళ్ళ పెట్టెలు మోసే కుర్రాడు.
మూడో తరగతి కిటికీ దగ్గర ఆగి
"ఇది తెరుచుకోదా?" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఎవరూ అడగని మాట.

తెరుచుకోదు బాబూ.
ప్రతి పూతా సందుల్లోకి దిగి దిగి
రెక్కకీ చట్రానికీ పెళ్ళి చేసేసింది.
మధ్యాహ్నం ఆ గదిలో డెబ్భైమంది పిల్లలు
ఉడకేసిన చిలగడదుంపల్లా కూచుంటారు.
సరస్సు గాలి వస్తుంది, అద్దం తడుతుంది,
ఇంట్లో ఎవరూ లేరనుకుని పోతుంది.

బ్రష్ కింద పెట్టి జేబులోంచి చాకు తీశాడు,
పెట్టెల తాళ్ళు కోసే చాకు.
రోజంతా ఒక్క కిటికీ.
నీలం, బూడిద, నారింజ, ఆకుపచ్చ
పొట్టు పొట్టుగా రాలి వాడి చెప్పుల్లో పడ్డాయి.
వైరిము రెండుసార్లు ఈల వేసింది.
"మనం వచ్చింది వెయ్యడానికి, గీకడానికి కాదు."
"అయిపోవచ్చిందండీ" అన్నాడు.
అయిపోవడానికి ఇంకా చాలా ఉంది.

నాలుగింటికి ఫోటో.
అందరూ బ్యానరు వెనక సర్దుకున్నారు.
సరిగ్గా అప్పుడే లోపల్నుంచి కిర్రుమని
ముసలాడి మోకాలు లాంటి చప్పుడు.
ఎండుతున్న ఒమెనా చేపల వాసనతో సహా
గాలి లోపలికి దూకింది.
ఎక్కాల పట్టీ గోడ మీంచి లేచిపోయింది,
పిల్లలు దాని వెంటపడ్డారు,
ఫోటోలో సగంమంది తలలు అటే తిరిగి ఉన్నాయి.

నెల తర్వాత అవితి టీచరు నివేదిక చదివి వినిపించింది.
గోడలు నాలుగు. గంటలు మూడువందల ఇరవై.
మేలు పొందినవారు ఆరువందల పన్నెండు.
కిటికీకి గడి లేదు.
బరాసా ఎనిమిది గంటలు దేని కింద రాసుకున్నారో
నాకు తెలీదు, అడిగేంత పెద్దవాణ్ణీ కాదు.

బస్సెక్కేముందు వాడు చాకు నా చేతిలో పెట్టాడు.
ఎందుకని నేనడగలేదు.

వచ్చే ఏడు ఇంకెవరో వస్తారు. రానీ.
ఏ రంగైనా సరే. టీ ఇస్తాను, నిచ్చెన పట్టుకుంటాను,
నవ్వమంటే నవ్వుతాను కూడా.
బస్సులు మలుపు తిరిగాక
పూత పచ్చిగా ఉండగానే
కిటికీ చుట్టూ ఒకసారి చాకు తిప్పి వస్తాను.

ఎండిందంటే కష్టం.